దారి మీది హానిని తొలగించేదెవరు?

 

కిందటేడు షవ్వాల్ నెలలో మా పట్టణంలో ఒక వలీమా జరిగింది. నికాహ్ నేనే చదివించాను. కట్నం ప్రస్తావన లేని నికాహ్ అది. మహర్ కూడా అక్కడికక్కడే చెల్లించారు. అల్‌హమ్దులిల్లాహ్, ఎంతో సంతోషం కలిగింది. భోజనాల దగ్గర మాత్రం మనసు చివుక్కుమంది. లేచిపోయిన ప్రతి పళ్లెంలోనూ బిర్యానీ సగానికి సగం అలాగే ఉంది. ఒక్క గుక్క తాగి వదిలేసిన ప్లాస్టిక్ గ్లాసులు కాళ్ల కింద పటపటమంటున్నాయి. ఇంటి పెద్దాయన నా దగ్గరకొచ్చి, "మౌలానా సాబ్, ఎవరికీ ఏ లోటూ రాకుండా చూశాం కదా?" అని అడిగారు. "మాషా అల్లాహ్" అన్నాను. అంతకు మించి ఏమీ అనలేకపోయాను. ఆ మౌనానికి నేను కూడా జవాబుదారీనే.

మర్నాడు ఫజ్ర్ నమాజు ముగించుకుని ఇంటికి వెళుతుంటే ఫంక్షన్ హాలు ముందు మున్సిపాలిటీలో ఊడ్చే ఒక అమ్మ కనిపించింది. నల్ల సంచుల నుంచి అన్నం, ఎముకలు, గ్లాసులు అన్నీ కలిసి కాలువలోకి జారిపోయాయి. ఆమె వాటిని చేత్తోనే పైకి తోడుతోంది. అరచేతికి గుడ్డపీలిక చుట్టి ఉంది.

"ఏమయిందమ్మా?" అన్నాను.

"కూల్‌డ్రింకు సీసా పగిలి అన్నంలో కలిసిపోయిందయ్యా. నేనే చూసుకోలేదు" అంది.

తప్పు తన మీదే వేసుకుంది. నా నోట మాట రాలేదు.

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు మనలో చాలామందికి తెలుసు. విశ్వాసానికి డెబ్భైకి పైగా శాఖలున్నాయని, వాటిలో అన్నిటికన్నా ఉన్నతమైనది 'లా ఇలాహ ఇల్లల్లాహ్' పలకడమని, అన్నిటికన్నా చిన్నది దారిలో నుంచి బాధ కలిగించే వస్తువును తొలగించడమని దైవప్రవక్త (స) ప్రబోధించారు (ముస్లిం). ఈ హదీసును మదరసాలో చదివాను, పిల్లలకు చదివించాను. కానీ ఆ ఉదయం దాని అర్థం మరోలా తట్టింది. మనం ఆ శాఖల్లో పైదాన్ని నాలుకతో పలికి, కిందిదాన్ని మన చేత్తోనే నరికాం. గాజుపెంకును దారిలో వేసింది మనం. తీసింది ఆమె.

సూరె ఆరాఫ్‌లో అల్లాహ్ తినడానికీ తాగడానికీ అనుమతినిచ్చి, ఆ వెంటనే దుబారా చేయరాదని ఆజ్ఞాపించాడు. సూరె బనీ ఇస్రాయీల్‌లో ధనాన్ని వృథాగా ఖర్చు చేసేవారిని షైతాను సోదరులన్నాడు. ధర్మసమ్మతమైన దానిలోనే హద్దు మీరడాన్ని 'ఇస్రాఫ్' అనీ, చేయకూడని చోట ఖర్చు చేయడాన్ని 'తబ్జీర్' అనీ ఉలమాలు వివరిస్తారు. దీన్నిబట్టి వలీమా ఇవ్వడం సున్నతే అయినా, అందులో సగం అన్నం కాలువపాలు కావడం ఇస్రాఫ్ అవుతుంది. "హలాల్ సొమ్ముతోనే కదా చేశాం" అనే సమాధానం ఇక్కడ పనికిరాదు. ఇస్రాఫ్ అన్న మాట వచ్చిందే హలాల్ విషయంలో!

దైవప్రవక్త (స) జీవితంలోని ఒక సంఘటన చూడండి. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ మైమూనా (రజి) వారి విముక్త దాసికి ఎవరో సదఖాగా ఇచ్చిన గొర్రె చనిపోయింది. ప్రవక్త (స) అటుగా వెళుతూ దాన్ని చూశారు. దాని తోలు తీసి, శుద్ధి చేసి, ఎందుకు ఉపయోగించుకోలేదని అడిగారు. అది చచ్చిన జంతువని అక్కడివారు విన్నవించుకుంటే, నిషిద్ధమైనది దాన్ని తినడం మాత్రమేనని ఆయన తెలియజేశారు (బుఖారి, ముస్లిం). చచ్చిన గొర్రెలో కూడా పనికొచ్చేది ఏముందా అని వెతికిన చూపు అది. పొయ్యి మీద నుంచి దించి గంటైనా కాని బిర్యానీని మనం ఏ చూపుతో చూస్తున్నాం?

నీటి సంగతీ అంతే. ఆయన ఒక 'ముద్ద్' నీటితో వుజూ చేసేవారని, ఒక 'సా' మొదలుకొని ఐదు ముద్ద్‌ల వరకు నీటితో గుసుల్ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు (బుఖారి, ముస్లిం). ఫిఖ్హ్ పండితుల లెక్కల్లో కొద్ది తేడా ఉన్నా, ముద్ద్ అంటే దాదాపు ఒక లీటరుకు మించదు. మన వుజూఖానాలో తలకు మసహ్ చేస్తున్నంతసేపూ కుళాయి ధారగా పోతూనే ఉంటుంది. ఇది రాస్తున్న నేనూ చాలాకాలం అలాగే చేశాను. ఎండాకాలంలో మస్జిదు బోరు అడుగంటి, ట్యాంకరు కొనుక్కోవాల్సి వచ్చాకే కళ్లు తెరుచుకున్నాయి.

ఇది మన ఒక్క ఊరి జాడ్యం కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతటా దాదాపు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో దాదాపు 60 శాతం హోటళ్లలోనో దుకాణాల్లోనో కాదు, ఇళ్లలోనే పారవేయబడింది. అంటే మన వంటగదుల్లో.

ఇక్కడి వరకు చెబితే జుమా ఖుత్బాలో అందరూ తలలూపుతారు. తర్వాతి మాట చెప్పినప్పుడే ముఖాలు మారతాయి. మా మస్జిదు వీధి చివర ఖాళీ స్థలం చెత్తకుప్పగా మారింది. రోజూ నిప్పు పెడతారు. ప్లాస్టిక్ పొగ పక్కనే ఉన్న బడిలోకి పోతుంది. తడి చెత్త, పొడి చెత్త వేరుగా తీసుకెళ్లే బండి మా వీధికి రాదు. "పదండి, అందరం సంతకాలు పెట్టి మున్సిపల్ ఆఫీసుకు వెళదాం" అన్నాను. ఒక పెద్దాయన నెమ్మదిగా, "అది రాజకీయం మౌలానా. మనకెందుకు? మన నమాజు, మన రోజా మనం చూసుకుంటే చాలదా?" అన్నారు. ఆయన చెడ్డవారు కారు. ఆయన భయం నాకు అర్థమైంది కూడా.

హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన హదీసే ఆయనకు నేను చెప్పిన జవాబు. కొందరు ఒక ఓడలో చీట్లు వేసుకుని స్థలాలు పంచుకున్నారు. కొందరికి పై అంతస్తు, కొందరికి కింది అంతస్తు వచ్చాయి. కిందివారు నీటి కోసం మాటిమాటికీ పైకి వెళ్లాల్సి వచ్చేది. పైవారికి ఇబ్బంది కలిగించడమెందుకు, మన భాగంలోనే ఒక రంధ్రం చేసుకుందాం అనుకున్నారు. వారిని అలాగే వదిలేస్తే అందరూ మునిగిపోతారని, వారి చేయి పట్టుకుని ఆపితే అందరూ బతుకుతారని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారి).

ఈ హదీసులో ఒక విషయం గమనించండి. రంధ్రం చేయాలనుకున్నవారు శత్రువులు కారు. పైవారికి ఇబ్బంది కలగకూడదనే మర్యాద కూడా వారి మనసులో ఉంది. అతిథులకు లోటు రాకూడదని ప్లాస్టిక్ గ్లాసులు తెప్పించిన ఆ ఇంటి పెద్దాయన లాగే. మంచి ఉద్దేశం ఉన్నంత మాత్రాన ఓడలోకి నీళ్లు రాకుండా ఉండవు. పై అంతస్తులో తస్బీహ్ తిప్పుకుంటూ కూర్చున్నవారు కూడా ఆ నీళ్లలోనే మునుగుతారు.

ఒక చెడును చూసినప్పుడు చేత్తో మార్చాలని, అది సాధ్యం కాకపోతే నోటితో, అదీ కాకపోతే మనసులో అసహ్యించుకోవాలని, మనసుతో ఆగిపోవడం అతి బలహీనమైన విశ్వాసమని హదీసు ఉంది (ముస్లిం). మన ఇల్లు, మన వలీమా, మన మస్జిదు మన చేతి కింద ఉన్నాయి. అక్కడ ఉపన్యాసాలు అక్కర్లేదు, చేయి కదిపితే చాలు. చెత్త బండి, కాలువ, ఫ్యాక్టరీ పొగ, అడవి నరికివేత మన చేతి కింద లేవు. అక్కడ అల్లాహ్ మనకిచ్చింది నోరు, కలం. అర్జీ రాయడం, అధికారిని కలవడం, మంచి విధానం కావాలని నలుగురితో కలిసి అడగడం ఆ రెండో మెట్టు. ఇంట్లో గ్లాసులు పారేస్తూ ఆఫీసుకు అర్జీ పట్టుకెళ్లేవాడి మాటకు విలువ ఉండదు. ఇంట్లో సర్దుకుని ఆఫీసు గడప తొక్కనివాడు సగం బాధ్యతే నెరవేర్చాడు.

"వేరే మతాలవారితో కలిసి సంతకాలు పెట్టవచ్చా?" అని ఒక యువకుడు అడిగాడు. దైవదౌత్యానికి ముందు మక్కాలో అబ్దుల్లా బిన్ జుద్‌ఆన్ ఇంట్లో బాధితుల పక్షాన నిలవాలని 'హిల్ఫుల్ ఫుజూల్' అనే ఒడంబడిక జరిగింది. ప్రవక్త (స) అందులో పాల్గొన్నారు. ఇస్లాం వచ్చాక కూడా అలాంటి ఒడంబడికకు పిలిస్తే వెళతానని చెప్పారు. దానిలో ఉన్నవారు ఆనాటికి ముస్లిములు కారు. పొగ ఏ ఇంటి పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోవాలో మతం అడిగి పోదు కదా!

నోరు విప్పితే ఏమీ జరగదనే నిరాశ కూడా వద్దు. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని చెంచులు, రైతులు, విద్యార్థులు, రచయితలు గొంతెత్తారు. చివరికి 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఆ తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. మన ఉమ్మత్ కూడా నిద్రపోవడం లేదు. వ్యర్థాల నిర్వహణపై ఇండోనేషియా ఉలమా మండలి 2014లోనే ఫత్వా ఇచ్చింది. 2015లో ఇస్తాంబుల్‌లో సమావేశమైన ఇస్లామీయ పండితులు వాతావరణ మార్పుపై ప్రకటన చేసి, సంపన్న దేశాలను వాటి బాధ్యత గురించి నిలదీశారు.

అసలు మనం అడగవలసినవి చాలావరకు కాగితం మీద ఉన్నవే. ప్లాస్టిక్ గ్లాసులు, పళ్లాలు, చెంచాలు, స్ట్రాలను కేంద్ర ప్రభుత్వం 2022 జులై 1 నుంచి నిషేధించింది. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే, అనుమతి లేని చోట వందమందికి మించి జనంతో కార్యక్రమం చేసేవారు కనీసం 3 పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలపాలని, చెత్తను వేరు చేసి అప్పగించాలని రాశారు. పందిరి వేసి వలీమాలు చేసే మనలో ఎందరికి ఈ సంగతి తెలుసు? నాకూ అర్జీ రాయడానికి కూర్చున్నప్పుడే తెలిసింది.

అడగడంలో కూడా అదబ్ ఉంది. నిజమో కాదో తేల్చుకోని వాట్సప్ వార్తను అర్జీలో రాయకూడదు. వార్తను నిర్ధారించుకోమని సూరె హుజురాత్‌లో ఆజ్ఞ ఉంది. అధికారిని తిట్టకూడదు. దారికి హక్కులున్నాయని చెబుతూ ప్రవక్త (స) చూపు దించుకోవడం, ఎవరికీ హాని చేయకుండా ఉండడం, సలాముకు జవాబివ్వడంతో పాటు మంచిని ఆదేశించడాన్ని, చెడును వారించడాన్ని కూడా వాటిలో చేర్చారు (బుఖారి, ముస్లిం). కాబట్టి దారి కోసం అడుగుతూ దారినే మూసేసి, రోగిని తీసుకెళ్లే ఆటోను ఆపేయడం మనకు తగదు.

మా అర్జీ మీద 64 సంతకాలు పడ్డాయి. ఆ పెద్దాయనదీ ఉంది, ఆలస్యంగా. చర్చి పాస్టరు గారు, బడి హెడ్‌మాస్టరు గారు కూడా చేశారు. బండి వచ్చింది. మూడు వారాలు వచ్చి ఆగిపోయింది. మళ్లీ వెళ్లాం, మళ్లీ వచ్చింది. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు వస్తోంది. చెత్త తగలబెట్టడం మాత్రం పూర్తిగా ఆగలేదు.

ఈ మధ్య జరిగిన రెండు వలీమాల్లో సప్లయర్స్ దగ్గర నుంచి స్టీలు గ్లాసులు అద్దెకు తెచ్చారు. కొద్దికొద్దిగా వడ్డించి, అడిగినవారికి మళ్లీ పెట్టారు. మిగిలిన అన్నాన్ని పళ్లాలకు పోనివ్వకుండా డేగిశాల్లోనే ఉంచి, ఇషా లోపల బస్టాండు దగ్గరి పేదలకు చేర్చారు. సీసాలను విడిగా గోనెసంచిలో కట్టి, పైన 'గాజు' అని రాశారు. ఆ అమ్మకు చదవడం రాదని తర్వాత తెలిసింది. ఇప్పుడు మా అబ్బాయిలు గాజు సంచికి ఎర్రగుడ్డ కడుతున్నారు. రెండో అర్జీ ఈ జుమా నుంచి వుజూఖానా పక్కన బల్ల మీద ఉంటుంది.