రాజ్యము ఇచ్చిన మాట

సాధారణ వ్యవహారములో రాజ్యము, ప్రభుత్వము అను రెండు పదములను ఒకే అర్థమున వాడుట పరిపాటి. హిందీలోని ‘సర్కార్’ అను మాట ఈ అలవాటును మరింత బలపరచినది. పన్ను వసూలు చేయువాడును సర్కారే, ఆ పన్నును విధించు అధికారమును సర్కారే. తెలుగు పల్లెలలో కూడ ఆ మాట అట్లే చెలామణి అయినది. నిత్యజీవితమునకు అది చాలును. కాని ఒకరు మాట ఇచ్చి గతించిన పిదప ఆ మాట ఎవరిదను ప్రశ్న పుట్టినప్పుడు, ఈ భేదము నిఘంటువును దాటి ధర్మవిచారములో ప్రవేశించును. ప్రభుత్వములు మారుచుండును, రాజ్యము నిలిచియుండును. నిన్నటి మంత్రివర్గము చేసిన ఋణమును నేటి మంత్రివర్గము తీర్చవలసి వచ్చుట ఇందుచేతనే. 1918లో సోవియట్ ప్రభుత్వము జార్ చక్రవర్తుల అప్పులు తమవి కావన్నప్పుడు ఋణదాతలైన దేశములు కలవరపడినవి గదా!

స్వతంత్ర భారతదేశమున ఈ ప్రశ్న రాజభరణముల విషయమున తలెత్తినది. 1947లో బ్రిటిష్ అధిరాజ్యము అంతరించుటతో ఐదువందలకు పైబడిన సంస్థానములు తమ దారి తాము వెదకుకొనవలసి వచ్చినది. మొదట కొన్ని విషయములలో మాత్రమే యూనియన్‌లో చేరిన పాలకులు క్రమముగా సర్వాధికారములను వదలుకొనిరి. అందుకు ప్రతిగా వారికి ఏటేట భరణము, బిరుదులు, మర్యాదలు కొనసాగునని మాట ఇచ్చి, దానిని రాజ్యాంగములో 291, 362 అధికరణములుగా వ్రాసిరి. మైసూరు పాలకునకు ఏటా 26 లక్షల రూపాయలు, సౌరాష్ట్రలోని కటోడియా పాలకునకు 192 రూపాయలు. రెండవ అంకె నవ్వు పుట్టించును. అయినను 192 రూపాయల మాట 26 లక్షల మాటకంటె తేలికయని ధర్మశాస్త్రమేదియు చెప్పదు. 1949 అక్టోబరు 12న సర్దార్ పటేల్ రాజ్యాంగసభలో వాదించినది కూడ ఇదియే. రక్తపాతము లేక దేశము ఏకమైనందుకు ఇది స్వల్పమైన మూల్యమనియు, దానిని చెల్లించుట నైతిక బాధ్యతయనియు ఆయన వాదము.

ఆ వాదము బలమైనది. కాని అందులో ఒక మనుష్యుని లెక్కలోనికి తీసికొనలేదు. ఒప్పందము మీద సంతకము చేసినవారు ఇరువురే, మూల్యము చెల్లించినవాడు మూడవవాడు, శిస్తు కట్టిన రైతు. రాజ్యాంగసభ సార్వజనిక ఓటు హక్కుతో ఏర్పడినది కాదు, సంస్థానముల కోశాగారములను నింపినదియు ఆ రైతే. హరిశ్చంద్రుడు మాట కొరకు తన్ను తాను అమ్ముకొనెనని అందరును మెచ్చుకొందురు. అంతకుముందే చంద్రమతిని, లోహితాస్యుని అమ్మెనన్న సంగతిని కథ వినువారు అంతగా పట్టించుకొనరు. దశరథుడు ఇచ్చిన వరముల భారమును మోసినవాడును దశరథుడొక్కడే కాడు. ఇతరుల భుజముల మీద మోపిన వాగ్దానమును నిలుపుకొనుటలో ఎంత పుణ్యమున్నదో ఆ భుజముల వారిని అడుగవలెను. పుట్టుకను బట్టి తరతరములకు ఆదాయపు పన్ను లేని భరణమిచ్చుట, పౌరులందరును సమానులని చాటిన రాజ్యాంగముతో పొసగునా అన్నది దీని వెంటనే వచ్చు ప్రశ్న.

అయినచో మాట తప్పవచ్చునా? ఇక్కడ మార్గము ముఖ్యమగును. 1970 సెప్టెంబరులో భరణముల రద్దుకు ఉద్దేశించిన సవరణ బిల్లు లోక్‌సభలో నెగ్గి, రాజ్యసభలో మూడింట రెండు వంతుల మెజారిటీకి వెంట్రుకవాసిలో తప్పిపోయినది. మరునాడే రాష్ట్రపతి ఉత్తర్వుతో పాలకులందరి గుర్తింపు రద్దయినది. పార్లమెంటు కాదన్న పనిని కార్యనిర్వాహకశాఖ కలముతో చేసినట్లయినది. డిసెంబరు 15న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు చెల్లదన్నది. ఆ తీర్పు రాజులను రక్షించినదని కొందరు ఆక్షేపించిరి గాని, అది రక్షించినది ముఖ్యముగా ఒక హద్దును. ప్రభుత్వము తానే రాజ్యమని తలచి ప్రవర్తింపరాదన్నదే ఆ హద్దు. నేడు రాజులకు వ్యతిరేకముగా దానిని దాటినవారు రేపు ఉపాధ్యాయుని పింఛను విషయములో దాటరను భరోసా ఏమున్నది?

1971 మార్చిలో మధ్యంతర ఎన్నికలు జరిగినవి. కొత్త లోక్‌సభ, రాజ్యసభ కలిసి ఆ సంవత్సరాంతమున 26వ సవరణతో భరణములను, గుర్తింపును రద్దుచేసినవి. 1993లో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. ఈసారి మాటను వెనుకకు తీసికొన్నది రాజ్యాంగము చూపిన మార్గమున, ఓటరును అడిగిన తరువాత. అంతమాత్రమున పాలకులకు నష్టము కలుగలేదనుట సరికాదు. ఇచ్చిన మాట ఇచ్చిన మాటయే, దాని మీద ఆధారపడి వారు అధికారమును వదలుకొన్నది నిజమే. ఆ నష్టమునకు తగిన పరిహారముండవలెనన్న వాదమును తేలికగా త్రోసివేయజాలము.

1970 నాటి వ్యాజ్యమునకు గ్వాలియర్ మాధవరావ్ సింధియా పేరు నిలిచినది. ఆయనయే 1971 ఎన్నికలలో గుణా నియోజకవర్గమునుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను. ఒకప్పుడు తన వంశమునకు శిస్తు కట్టిన రైతుల ఇండ్లకు ఈసారి ఓటు అడుగుటకు వెళ్లెను.