మునుగుచున్నవానికి తెలియునా?



మీలో అనేకులు చిన్ననాట ఊరిబావిలో దుమికి యీత నేర్చినవారే. బావిలో ఎంత లోతునకు పోయినను చుట్టును రాతికట్టు కనబడును, అడుగున బురద కాలికి తగులును, తలయెత్తిన ఆకాశపు ముక్క కనబడును. గనుక తానెక్కడ నున్నాడో యీతగాడు ఎరుగును. అయితే గోడయు అడుగును ఆకాశమును కనబడని నీళ్లలో ఒకడున్నయెడల, తాను మునుగుచున్నాడో తేలుచున్నాడో వానికెట్లు తెలియును? ఇది సముద్రమును గూర్చిన ప్రశ్నయే గాని, మన ఆత్మను గూర్చిన ప్రశ్న కూడ అయియున్నది.

పసిఫిక్ మహాసముద్రమందలి హవాయి దీవులలో పెద్ద దీవికి పడమటి తీరమున కోనా అను ప్రాంతము కలదు. అక్కడ తీరము విడిచి కొన్ని మైళ్లు పోయినంతనే సముద్రపు లోతు వెయ్యి మీటర్లకు మించును. చీకటిపడిన తరువాత కొందరు పడవలో అక్కడికి వెళ్లి, యంత్రము నాపి, పడవను ప్రవాహమునకు విడిచి, వీపున గాలి సిలిండరు కట్టుకొని నీళ్లలోనికి దిగుదురు. 1943లో ఫ్రాన్సు దేశమున కుస్తో, గన్యాన్ అను ఇద్దరు సిద్ధపరచిన పరికరమువలన మనుష్యుడు నీటిలో ఈలాగు స్వేచ్ఛగా తిరుగుట సులువాయెను.

రాత్రివేళ అక్కడ చూచుటకు ఏమున్నది? ప్రతి రాత్రియు అగాధమందలి లెక్కలేని జీవులు ఆహారముకొరకు పైకి వచ్చి, తెల్లవారునప్పటికి మరల లోతునకు దిగిపోవును. గాజువలె ఆవలి వస్తువు కనబడునట్లున్న చేపపిల్లలు, వ్రేలిగోరంత ఆక్టోపసు పిల్లలు, తమంతట తామే వెలుగునిచ్చు జీవులు దీపపు కాంతిలో తేలుచు పోవును. ఏ మనుష్యుని కన్నును చూడని చోటను సృష్టికర్త ఇంత శ్రద్ధగా పనిచేసియున్నాడు.

ఇది వినగానే మనము సొరచేపలను తలంచి భయపడుదుము. అయితే అంతకన్న నెమ్మదిగా వచ్చు అపాయమొకటి కలదు. దిగువాడు ధరించు రబ్బరు దుస్తులలోను, గాలి నింపు చొక్కాలోను ఉన్న గాలియే వానిని తేల్చుచుండును. పది మీటర్ల లోతున ఒత్తిడి నీటిపైనున్నదానికి రెండింతలగును, ఆ గాలి సగమునకు కుదించుకొనిపోవును. గనుక కొంచెము దిగినవాడు కొంచెము బరువెక్కును. బరువెక్కినందున మరికొంచెము దిగును. పట్టి లాగినవాడెవడును లేడు. చుట్టును నలుపే గనుక తాను కదలక నిలిచియున్నట్లే వానికి తోచును. సుమారు ముప్పది మీటర్లు దాటిన పిమ్మట, పీల్చుకొను గాలిలోని నత్రజని బుద్ధిని మందగింపజేయును. అప్పుడనేకులకు భయము కలుగుటకు మారుగా ఒక విధమైన ధైర్యమే కలుగును. అపాయము పెరిగినకొలది దానిని గుర్తించు తెలివి తగ్గిపోవును.

చదువరీ, నేనిది తెలిసికొనినప్పుడు నా జీవితమందలి ఒక సంవత్సరము నా కన్నుల యెదుట నిలిచెను. అప్పుడు మా సంఘపు కానుకల లెక్క నా చేతిలో నుండెను. పిల్లవాని ఫీజుకొరకు అందులోనుండి ఐదు వందల రూపాయలు తీసితిని. జీతము రాగానే తిరిగి పెట్టితిని. రెండవసారి వెయ్యి తీసి ఆలస్యముగా పెట్టితిని. మూడవసారి తీసినది పెట్టనేలేదు. ఆ మొదటి ఐదు వందలు తీసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏడు వేలు దాటిన తరువాత హాయిగా నిద్రపోతిని. ప్రతి ఆదివారమును కన్నీళ్లతో ప్రార్థించితిని, ఆ కన్నీళ్లు వేషము కాదు. నీవు బాగుగనే యున్నావని నా హృదయము నాతో చెప్పుచునే యుండెను.

కోనాలో దిగువారు తమ హృదయము చెప్పుదానిని నమ్ముకొనరు. పడవనుండి సుమారు పదునైదు మీటర్లవరకు బరువైన త్రాళ్లు వ్రేలాడుచుండును. ఒక్కొక్కడును పొట్టి త్రాటితో వాటికి కట్టబడియుండును. మణికట్టున లోతు చూపు పరికరముండును. తన మనస్సు ఒకటియు ఆ పరికరము వేరొకటియు చెప్పినయెడల, పరికరమునే నమ్మవలెనని వారికి నేర్పుదురు.

అయితే కట్టుకొనుట అవిశ్వాసము కాదా అని కొందరడుగుదురు. “నా సంగతి నాకును దేవునికిని తెలియును, మనుష్యునికి లెక్క చూపనేల?” అని నేనును అంటిని. ఇది భక్తిగల మాటవలె కనబడును. ఒకనాడు మా సంఘపు పెద్ద యొకాయన, “నాయనా, మందిరపు కప్పు బాగుచేయవలెను, పుస్తకము ఒకసారి తెత్తువా?” అని మెల్లగా అడిగెను. నాకు పట్టరాని కోపము వచ్చెను. ఆయన నన్ను నిందించలేదే, నాకు కోపమేల? ఇంటికి పోవుచు ఈ ప్రశ్న వేసికొన్నప్పుడే నేనెంత లోతున నున్నానో నాకు కనబడెను.

దేవుడు నాతో ఆకాశమునుండి మాటలాడలేదు. ఆ ముసలి పెద్దను పంపెను. మన సంఘములో నెలకొకసారి లెక్క చదివి వినిపించుట, ఇంటిలో భార్య సూటిగా అడుగు ప్రశ్న, స్నేహితుని గద్దింపు, ఇవి ఆ త్రాడు వంటివి. అయితే త్రాడు దేనికి కట్టబడినదో చూచుకొనవలెను. నేనున్న స్థితిలోనే యున్న ఒక మిత్రుడు, “అందరును చేయుదురులే” అని నన్ను ఓదార్చెను. తోడుగా మునుగువానికి కట్టుకొనినవాడు వానితోకూడ దిగిపోవును.

మరియొక సంగతి. లోతునుండి వచ్చువాడు ఒక్క ఉరుకున పైకి రాకూడదు. అట్లు వచ్చినయెడల శరీరములో కరిగిన నత్రజని బుడగలై వానిని బాధించును, ఒక్కొక్కప్పుడు ప్రాణము తీయును. గనుక నిమిషమునకు తొమ్మిది మీటర్లకు మించక లేచి, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషములు ఆగుదురు. నేను మరునాడే ఆ పెద్దయెదుట ఒప్పుకొంటిని. దేవుని క్షమాపణ ఆ గడియలోనే దొరికెనని నమ్ముచున్నాను. సొమ్ము తీర్చుటకు మాత్రము పదునాలుగు నెలలు పట్టెను. లెక్క పుస్తకము మరల నా చేతికియ్యలేదు, ఇయ్యకపోవుటే న్యాయము.

పేతురు గలిలయ సముద్రముమీద మునుగనారంభించినప్పుడు కేకవేసెను, ప్రభువు వెంటనే చెయ్యి చాపెను. తాను మునుగుచున్నట్లు అతనికి తెలిసెను. ఆ తెలివి కూడ కృపయే. ప్రియ సహోదరీ, సహోదరుడా, నీ లెక్క చూపుమని అడుగగలవాడు నీకొక్కడైనను ఉన్నాడా? లేకున్నయెడల ఈ వారములోనే అట్టివానిని వెదకుకొనుము. ఉన్నయెడల, అతడు అడిగిన దినమున నీకు కోపము వచ్చినచో, ఆ కోపమును ఆ లోతు చూపు పరికరమునువలె చదువుకొనుము. ప్రభువు మనలనందరిని కాపాడునుగాక. ఆమేన్.