ఇరుసు విరిగితే

"రాసిపెట్టుంటే వత్తాది, లేపోతే లేదు. మద్దెలో నీ టేపెందుకే అమ్మాయ్?"

లంక గ్రామంలో ఒక ముసలమ్మ మా ఆశా కార్యకర్తని అడిగిన మాట ఇది. బీపీ, షుగర్ ముందే కనిపెట్టడం మీద ఆశాలకి ఇచ్చే ఐదు రోజుల శిక్షణలో మూడో రోజు పొద్దున ఆ అమ్మాయి ఈ సంగతి చెప్తే హాల్లో ఇరవై ఎనిమిది మందీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. హెల్త్ ఎడ్యుకేటర్‌గా ముప్పై ఒక్క ఏళ్ళు కోనసీమ గుమ్మాలన్నీ ఎక్కాను. రిటైరయ్యాక కూడా శిక్షణలకి పిలిస్తే వెళ్తున్నాను. ఈ ప్రశ్న నాకు ఎదురుకాని ఊరు లేదు. పాఠం చెప్పేవాళ్ళం దీన్ని మూఢనమ్మకాల పద్దులో వేసేసి ముందుకు పోతాం. అది పొరపాటని నా నమ్మకం. ముసలమ్మ అడిగింది చాలా పాత ప్రశ్న. దానికి జవాబివ్వకుండా నడుముకి టేపు చుట్టడం మర్యాద కాదు.

ఆ ప్రశ్న నాకు మా ఇంట్లోనే పరిచయం. మా నాన్నగారు అమలాపురం దగ్గర ఒక ఊళ్ళో ఆయుర్వేద వైద్యులు. అట్టలూడిన చరక సంహిత ఆయన మంచం పక్క గూట్లో ఉండేది. రాత్రి భోజనాలయ్యాక అందులోంచి ఏదో ఒకటి చదివి, మా ముగ్గురు పిల్లలకీ తెలుగులో చెప్పేవారు. విమానస్థానంలో అగ్నివేశుడు గురువు ఆత్రేయుణ్ణి అడుగుతాడు, మనిషి ఆయుర్దాయం ముందే నిర్ణయమై ఉందా, లేదా అని. అన్నీ నిర్ణయమైపోయి ఉంటే మందులూ వద్దు, శాంతులూ వద్దు, వీధిలో మదమెక్కి వస్తున్న ఏనుగుని చూసి పక్కకి తప్పుకోనక్కరా లేదు అంటాడు గురువు. వెనకటి జన్మలో చేసుకున్నది దైవం, ఇప్పుడు చేసేది పురుషకారం. రెండిట్లో ఏది బలమైనదైతే అది రెండోదాన్ని అణుస్తుంది. ఆ తర్వాత బండి ఇరుసు పోలిక చెప్తాడు. మంచి ఇరుసు వేసిన బండి మోయగలిగిన బరువుతో, సరైన దారిలో నడిస్తే, ఆ ఇరుసు అరిగి అరిగి దాని కాలానికి అది పోతుంది. అదే ఇరుసు బరువెక్కువైనా, దారి ఎగుడుదిగుడైనా, అసలు దారే లేకపోయినా, చక్రం పాడైనా, ఎద్దులోనో తోలేవాడిలోనో లోపమున్నా, కందెన వెయ్యకపోయినా నడిదారిలో విరుగుతుంది.

మేం నింపించే ఫారం చూసినప్పుడల్లా నాకు ఆ సంభాషణే గుర్తొస్తుంది. సీబ్యాక్ అంటారు దాన్ని. ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి మనిషికీ ఒకటి నింపాలి. వయసెంత? పొగాకు అలవాటుందా? రోజూ తాగుతారా? నడుము కొలత ఎంత? ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90 దాటితే మార్కులు మొదలవుతాయి. వారానికి 150 నిమిషాలైనా ఒళ్ళు కదిలే పని ఉందా? అమ్మకో నాన్నకో తోడబుట్టినవాళ్ళకో బీపీ, షుగర్, గుండెజబ్బు ఉందా? ఉంటే రెండు మార్కులు. మొత్తం నాలుగు దాటితే ఆ మనిషిని ముందు పరీక్షకి పంపాలి. వయసు, పుట్టిన ఇల్లు దైవం. నడుము, నడక, పొగాకు పురుషకారం. రెండూ ఒకే కాగితం మీద, ఒకే కూడికలో. ఈ ఫారం తయారుచేసినవాళ్ళు చరకుణ్ణి తలుచుకుని ఉండరు. కానీ ముసలమ్మకి జవాబు అందులోనే ఉంది. నీ రాత అబద్ధమని మేం అనడం లేదమ్మా, దానికీ మార్కులు వేస్తున్నాం. అది ఒక్కటే లెక్క కాదంటున్నాం, అంతే.

ఎంత వరకు కాదు? ఈ ప్రశ్నకి మన పొరుగునే, చెన్నైలో, డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం ఒక జవాబు వెతికింది. 'బోర్డర్‌లో ఉంది' అని మన ఊళ్ళలో అంటామే, ఆ స్థితిలో ఉన్న 531 మందిని కొన్నేళ్ళు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. మూడేళ్ళ లెక్కన, మామూలు సలహాతో వదిలేసినవాళ్ళలో వందకి 55 మంది షుగర్‌లోకి వెళ్ళారు. తిండి, నడక మార్చుకోమని వెంటపడి చెప్పినవాళ్ళలో వందకి 39 మంది. మెట్‌ఫార్మిన్ బిళ్ళ ఒక్కటే ఇచ్చినా దాదాపు అంతే. శిక్షణలో అందరం ఆ తగ్గిన పదహారు మంది గురించి గట్టిగా చెప్తాం. నా మనసు మాత్రం ఆ 39 మంది దగ్గర ఆగిపోతుంది. వాళ్ళూ నడిచారు, వాళ్ళూ అన్నం తగ్గించారు. అయినా వచ్చింది. వాళ్ళ ఇంటికి మా ఆశమ్మ వెళ్ళినప్పుడు ఏం అనాలి? "మీరు సరిగ్గా పాటించలేదు" అంటే అది అబద్ధం కావచ్చు. అబద్ధమైనా కాకపోయినా, ఆ మాట విన్న మనిషి మళ్ళీ తలుపు తియ్యదు.

ఇక్కడే చరకుడి మరో మాట నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. ప్రజ్ఞాపరాధం. తెలిసీ తప్పు చెయ్యడం, రోగాలకి మూలాల్లో అదొకటి. నాన్నగారు ఈ మాటని రోగుల మీద ధారాళంగా వాడేవారు. "మీది ప్రజ్ఞాపరాధమండీ" అని చీటీ రాసి ఇచ్చేవారు. 1981లో, ఆయన యాభై నాలుగో ఏట, ఆయనకే షుగర్ బయటపడింది. ఊరందరికీ పథ్యం చెప్పే మనిషి. ప్రమేహానికి, అంటే షుగర్ లాంటి జబ్బులకి, చరకుడు చెప్పిన కారణాలు, కదలకుండా కూర్చునే సుఖం, పడక సుఖం, పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలు, నిద్రలో లేపి అడిగినా వరసగా చెప్పగలరు. అయినా ఆత్రేయపురం నుంచి పూతరేకులు వస్తే చెయ్యి ఆగేది కాదు. కార్తీకమాసంలో చెప్పుల్లేకుండా కోటిపల్లి వెళ్ళొచ్చి, అరికాలి పుండు చూసుకోలేదు. 1992లో కాకినాడలో మోకాలి కింద కాలు తీసేశారు. రెండేళ్ళకి పోయారు. ఆయన పోయాక కొన్నేళ్ళు నాకు ఆయన మీద కోపం ఉండేది. తెలిసి చేశారు కదా అని.

ఆ కోపం పోవడానికి ఆయన పుస్తకమే పనికొచ్చింది. ఒకసారి సెలవుల్లో శారీరస్థానం చదువుతుంటే ప్రజ్ఞాపరాధం దగ్గర కళ్ళు ఆగాయి. ప్రజ్ఞ అంటే అక్కడ ఒక్క తెలివి కాదు. ధీ, ధృతి, స్మృతి మూడూ కలిస్తేనే ప్రజ్ఞ. ధీ తెలుసుకునేది. ధృతి మనసుని పట్టి నిలిపేది. స్మృతి సమయానికి గుర్తుచేసేది. ఈ మూడిట్లో ఏది జారినా ప్రజ్ఞ తప్పినట్టే. నాన్నగారికి ధీ లోటు లేదు. పళ్ళెంలో పూతరేకు ఉన్న క్షణాన పట్టి నిలిపేదీ, గుర్తుచేసేదీ లేకపోయాయి. ఇంకో సంగతీ అప్పుడే తట్టింది. ఆయనకి చెప్పే మనిషి లేదు. అమ్మకి ఆయన ముందు నోరెత్తే అలవాటు లేదు. రోగులు చెప్పరు. తోటి వైద్యులు మొహమాటపడ్డారు. నర్సింగ్ చదివిన నేను సెలవులకి వచ్చి రెండు ముక్కలు చెప్పి వెళ్ళిపోయేదాన్ని. అందరికీ చెప్పేవాడు కాబట్టి ఎవరూ ఏమీ చెప్పనివాడు అయ్యారాయన.

మా శిక్షణ పుస్తకాలు ఐదు రోజులూ ధీ గురించే మాట్లాడతాయి. ఏది తినాలి, ఏది మానాలి, వేలిమీద పొడిచి చూస్తే 140 దాటినవాళ్ళని ఎక్కడికి పంపాలి. అవన్నీ కావాలి. కానీ ఊళ్ళో తీపి తినకూడదని తెలియని షుగర్ మనిషి ఎవరైనా ఉన్నారా? వెయ్యి మందికి ఒకర్ని, ఆ ఊరి కోడల్నే ఎంచుకుని ఆశాగా పెట్టమని 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ అన్నప్పుడు ఏ ఉద్దేశంతో అన్నారో గానీ, నాకు కనిపించే అర్థం ఒకటే. ఆమె పక్కింటివాళ్ళకి ధృతిగా, స్మృతిగా ఉండగలదు. ఈ రెండూ మనిషి తలకాయలో ఒంటరిగా బతకవు. నోముకి తోటి ముత్తయిదువలు, భజనకి పదిమంది, దీక్షకి గురుస్వామి ఎందుకనుకున్నారు? మాల వేసుకున్న నలభై ఒక్క రోజులూ చన్నీళ్ళ స్నానం, నేల పడక తప్పనివాడు, మాల తీసిన మర్నాడే సిగరెట్ వెలిగిస్తాడు. అతని జ్ఞానం ఒక్క రాత్రిలో తగ్గిపోలేదు. 'స్వామీ' అని పిలిచేవాళ్ళు పక్కన లేరు.

కేరళలో నెయ్యాట్టిన్‌కర తాలూకాలో దీన్ని నిజంగానే పరీక్షించి చూశారు. అరవై పోలింగ్ ప్రాంతాలు, వెయ్యికి పైగా మనుషులు. సగం చోట్ల ఇరుగుపొరుగు గుంపులు కట్టి, వాళ్ళలోంచే కొందరికి శిక్షణ ఇచ్చి నడిపించారు. 2018లో ఫలితం వచ్చింది. రెండేళ్ళలో మామూలు ప్రాంతాల్లో 17.1 శాతానికి, గుంపులున్న చోట 14.9 శాతానికి షుగర్ వచ్చింది. ఆ తేడా గణాంకాల పరీక్షకి నిలిచేంతది కాదు. తాగుడు తగ్గింది, కూరగాయలు, పళ్ళు తినడం పెరిగింది. నేను ఈ లెక్క దాచకుండా ఆశాలకి చెప్తాను. ఫలితం ఖాయమని చెప్పి పంపితే, మొదటి ఓటమికే వాళ్ళ మనసు విరుగుతుంది.

అలా చెప్పినప్పుడు ఎవరో ఒక అధికారి లేచి గీత అందుకుంటారు. ఫలం ఆశించకుండా పని చెయ్యండమ్మా అని. ఆ మాట నాకు బాధ కలిగిస్తుంది. మన రాష్ట్రంలో 2019లో గౌరవ వేతనం పదివేలు అయ్యేదాకా ఈ ఆడవాళ్ళు రోడ్ల మీద కూర్చున్నారు, ఎండలో. చేసిన పనికి కూలి అడగడం ఫలాపేక్ష కాదు. కృష్ణుడు ఆ మాట చెప్పింది రథమూ రాజ్యమూ ఉన్నవాడికి. నిష్కామంగా ఉండాల్సింది పక్కింటావిడ షుగర్ తగ్గుతుందా అన్న విషయంలో, తన పిల్లల ఫీజు విషయంలో కాదు.

మళ్ళీ ఇరుసు దగ్గరికి వస్తాను. ఆ పోలికలో తోలేవాడి తప్పు ఒక్కటి. మిగతావి బరువు, దారి, చక్రం, కందెన. ఇన్నేళ్ళూ మేం తోలేవాణ్ణే మందలించాం. దారి సంగతో? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా వరిచేలు అయింది. 1983 నుంచి కిలో రెండు రూపాయల బియ్యం వచ్చి ఆకలి తీర్చాయి, ఆ మేలు మరవకూడదు. అయితే మూడు పూటలా పళ్ళెంలోకి అన్నమే వచ్చింది. కోతకి మిషన్లొచ్చాయి, గట్టు మీద నడిచేవాడు బండెక్కాడు. 2006లో గోదావరి జిల్లాల పల్లెల మీద వచ్చిన అధ్యయనంలో ముప్పై దాటినవాళ్ళలో 13 శాతానికి షుగర్ ఉంది. పట్నం జబ్బు అనుకున్నది వరిచేల మధ్య కనిపించింది. ఇంతమందికి ఒకేసారి ప్రజ్ఞ తప్పిందా?

సుశ్రుతుడు ప్రమేహమొచ్చిన బీదవాడికి గొడుగూ చెప్పులూ లేకుండా వంద యోజనాలు నడవమనీ, డబ్బున్నవాణ్ణి శ్యామాకం, నీవారం లాంటి ధాన్యాలు తినమనీ, మరికొందరిని బావి తవ్వమనీ చెప్పాడు. ఇది చెప్పగానే వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. "మా తాత బావులే తవ్వేవాడండి. ఆయనకి రాలేదు. మా నాన్న వాచ్‌మేన్ పని, రాత్రంతా కుర్చీలో. ఆయనకొచ్చింది. బావి ఎక్కడుంది మేడం ఇప్పుడు తవ్వడానికి?" నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న బోర్డు మీద రాయించాను. సాయంత్రం దాకా చెరపనివ్వలేదు.

ప్రసాదం గురించి కూడా అడిగారు. గుళ్ళో చక్కెర పొంగలి వద్దనొచ్చా అని. నా అభిప్రాయం చెప్పాను. ప్రసాదం కొలతని బట్టి ప్రసాదం కాదు. చిటికెడు కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటే దేవుడికి ఏ లోటూ లేదు. దొన్నె నిండా పెట్టడం మన ఆనందం. చర్చి పండగ భోజనాల దగ్గరా ఇదే చిక్కని క్రైస్తవ అమ్మాయిలిద్దరు చెప్పారు. పెట్టే చెయ్యి నొచ్చుకోకుండా తక్కువ తీసుకోవడం ఎలాగో చాలాసేపు వాళ్ళలో వాళ్ళే ఆడి చూసుకున్నారు. పుస్తకంలో లేని ఆ గంటే నాకు శిక్షణంతటిలోకీ విలువైనది.

నాలుగో రోజు జంటలుగా ఒకరి ఫారం ఒకరు నింపాలి. ఒకమ్మాయి జంట రాలేదు. ఆమే, ముసలమ్మ సంగతి చెప్పిన అమ్మాయి. నన్ను కూర్చోమంది. టేపు చుట్టి 88 అంది. నాన్నగారికి షుగరా అని అడిగింది. ఉండేది అన్నాను. రెండు వేసింది. నడక? మోకాలి నొప్పి వచ్చాక మానేశానన్నాను. కూడింది. నాలుగు దాటింది. "మేడం, ఆఖరిసారి ఎప్పుడు చూపించుకున్నారు?" అంది. లెక్కపెట్టుకుంటే రెండేళ్ళ పైన అయింది. మూడు రోజులుగా పాఠం చెప్తున్న నోరు కాసేపు మూతపడింది.

ఆమె తల ఎత్తలేదు. ఫారం కింద నా ఫోన్ నంబరు రాసుకుంటూ, "రేపు పరగడుపున ఉండండి. ఏడింటికి నేనే మీ ఇంటికొచ్చి తీసుకెళ్తాను. నడిచే వెళ్దాం, మెల్లిగా" అంది.