వాహన ప్రతిష్ఠ – ప్రజాభిప్రాయం

ఖరీదైన వస్తువు సొంతదారుకు గౌరవం ఎక్కడి నుంచి వస్తుంది? డబ్బు నుంచి అని చటుక్కున జవాబు చెప్పవచ్చు. కాని డబ్బు వస్తువును మాత్రమే కొనిపెడుతుంది. గౌరవాన్ని ఎదుటివాళ్లు ఇవ్వాలి. ఇచ్చేవాళ్లెవరు? ఎందుకిస్తున్నారు? ముఖం ఎదుట ఇచ్చి వెనక ఎందుకు తిడుతున్నారు? యీ ప్రశ్నలు నైతికమైనవే గాని నీతివాక్యాలతో తెగేవి కావు. వీటిని పరిశీలించటానికి నేడు మన కళ్లముందు తిరుగుతున్న వస్తువుల్లో ఫార్చ్యూనర్ జాతి పెద్దకార్లను మించిన ఉదాహరణ లేదు.

ఎచ్చెర్ల మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి పక్కన కాసేపు నిలబడి చూడండి. పల్లెవెలుగు బస్సు కోసం, షేరాటో కోసం విద్యార్థులూ, పైడిభీమవరం ఫ్యాక్టరీలకు పోయే కార్మికులూ, గంపలతో ఆడవాళ్లూ ఎదురుచూస్తూ వుంటారు. దూరాన తెల్లటి పెద్దకారు కనబడుతుంది. హారను మోగకముందే ఆటో మట్టిలోకి దిగుతుంది, సైకిలు ఆగుతుంది, పిల్లవాణ్ణి తల్లి రెక్కపట్టి లాగుతుంది. బండి వెళ్లిపోయాక ప్రజాభిప్రాయం మొదలవుతుంది. “ఎవుడిదో భూమి మింగిన సొమ్ము” అంటాడొకడు. “ఏ కాంట్రాక్టరో, ఏ నాయకుడి బావమరిదో” అంటాడు మరొకడు. “ఏటైనా గాని, ఎక్కితే అలాటి బండెక్కాలి” అని మూడోవాడు నిట్టూరుస్తాడు. నిజానికి ముగ్గురు మనుషులు అక్కర్లేదు. ఒకే మనిషి మూడు నిమిషాల్లో యీ మూడు మాటలూ అనగలడు. తిట్టూ మొక్కూ ఒకే నోట పుట్టటం యీ ప్రజాభిప్రాయం లక్షణం.

టయోటా ఫార్చ్యూనర్ మనదేశపు మార్కెట్టులో 2009లో అడుగుపెట్టింది. మహీంద్రా థార్ 2010లో వచ్చి, 2020లో కొత్త రూపు తొడిగింది. ఇప్పుడు దేశంలో అమ్ముడుపోయే ప్రయాణికుల కార్లలో సగానికి పైగా యీ ఎత్తుబండ్ల జాతివే. వీటి ప్రకటనల్లో బండి కొండలెక్కుతుంది, ఏరులు దాటుతుంది. కొన్నవాడు మాత్రం ఎక్కువగా కల్యాణమండపాలకూ రిజిస్ట్రారు ఆఫీసులకూ పోతుంటాడు. ప్రకటన అమ్మేది కొండను కాదు, లొంగని మనిషి అనే బొమ్మను. ఆ బొమ్మకు ఎదురు బొమ్మ గూడా తయారైంది. 2025 నవంబరులో హర్యానా పోలీసు అధిపతి, థార్ కార్లూ బుల్లెట్ మోటారు సైకిళ్లూ నడిపేవాళ్ల బుద్ధే సరైనది కాదన్న అర్థం వచ్చేలా పత్రికలవారి ఎదుట మాట్లాడాడు. చాలామంది నవ్వుకున్నారు, యజమానులు నొచ్చుకున్నారు.

ప్రకటన రాసేవాడు యీ బండి ఎక్కితే నాయకుడివవుతావంటాడు. పోలీసు అధికారి యీ బండి ఎక్కినవాడు దుడుకువాడంటాడు. పైకి రెండూ పరస్పర విరుద్ధాలు. లోపలి తర్కం ఒకటే: మనిషి గుణం ఇనుములో ఉన్నదని. మనుషుల మధ్య సంబంధాలు వస్తువుల గుణాలుగా వేషం మార్చుకుని కనిపిస్తాయని 1867లో ‘కాపిటల్’ మొదటి సంపుటంలో మార్క్సు చూపించాడు. సంపన్నుల ఖర్చు అవసరం కోసం గాక నలుగురి చూపు కోసం జరుగుతుందని 1899లో అమెరికన్ ఆర్థికవేత్త వెబ్లెన్ వివరించాడు. వెబ్లెన్ దగ్గరే ఆగిపోతే మనకు దొరికేది ఆడంబరపు యజమాని ఒక్కడే. మార్క్సును పట్టుకుని ముందుకు పోతే ఆ ఆడంబరాన్ని చూసి తప్పుకునే మనం గూడా చిత్రంలోకి వస్తాం.

మన ప్రాంతంలో ఎత్తు మీద కూర్చుని అధికారం చెలాయించటం నిన్నటి సంగతి కాదు. జమీందారు పల్లకి కింద బోయీల భుజాలుండేవి. ఎంతమంది మోస్తే అంత గొప్ప. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీలు పోయాయి. తర్వాత పల్లెకు జీపు వచ్చింది—తాసిల్దారు జీపు, బ్లాకు అధికారి జీపు, పోలీసు జీపు. 1960ల చివర యీ జిల్లా కొండప్రాంతపు గ్రామాల్లో జీపు చప్పుడుకు ఏమర్థం ఉండేదో పెద్దలకు తెలుసు. ఆ జీపును మనదేశంలో బిగించి అమ్మిన సంస్థ మహీంద్రాయే. నేటి థార్ దాని మునిమనవడు. 1990ల చివర మొదలైన ఫ్యాక్షను సినిమాలు వరుసగా వచ్చే టాటా సుమోలను భయానికి గుర్తు చేసి, ఆ భయానికి చప్పట్లు కొట్టటం మనకు నేర్పాయి. 2017 మే 1 నుంచి కేంద్రప్రభుత్వం మంత్రుల కార్ల మీది ఎర్రబుగ్గ తీసివేయించింది. బుగ్గ పోయింది గాని దాని పని పోలేదు. ఎత్తైన బానెట్టు, ఎంచుకున్న నంబరు ఇప్పుడు ఆ పని చేస్తున్నాయి. 2024లో హైదరాబాదు ఖైరతాబాదు రవాణా కార్యాలయపు వేలంలో 9999 అనే నంబరు 25 లక్షల పైన పలికింది. నంబరుకు ఇంజను లేదు, సీటు లేదు. ఆ సొమ్ముతో కొన్నది కేవలం మన చూపును.

గౌరవమనుకుంటున్న దానిలో భయం పాలెంతో గూడా లెక్కగట్టాలి. చిన్నకారు మనిషిని కాళ్ల దగ్గర కొడుతుంది; ఎత్తుబండి ఛాతీ దగ్గర, పిల్లవాణ్ణయితే తల దగ్గర కొడుతుంది. 2021 అక్టోబరు 3న ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీ జిల్లాలో నిరసన తెలుపుతున్న రైతుల మీదికి పోయిన బండ్లలో థార్ ఒకటి. నేరం ఎవరిదో తేల్చవలసింది న్యాయస్థానం. కాని ఆ దృశ్యం దేశమంతా చూసింది, గుర్తుంచుకుంది. రోడ్డు దిగే ఆటోవాడు ప్రాణం కాపాడుకుంటున్నాడు. యజమాని దాన్ని తన గౌరవం ఖాతాలో జమ వేసుకుంటున్నాడు.

ప్రతిష్ఠ వాహనంలో లేదనటానికి అంబేద్కర్ జీవితంలోని ఒక సంఘటన చాలు. ఎచ్చెర్లలో ఆయన పేర విశ్వవిద్యాలయం 2008 నుంచి నడుస్తున్నది. ఇక్కడి విద్యార్థులు దీన్ని మరింత శ్రద్ధగా తెలుసుకోవాలి. 1929లో ఆయన బొంబాయి రాష్ట్రంలోని చాలీస్‌గావ్‌లో దిగాడు. అప్పటికే విదేశాల్లో చదివి వచ్చిన బారిస్టరు. తమ పేటకు తీసుకుపోదామని వచ్చిన అస్పృశ్యులు టాంగా అడిగితే, అస్పృశ్యుణ్ణి ఎక్కించుకుని తోలటం తమ పరువుకు తక్కువన్నారు టాంగావాళ్లు. బండి అద్దెకిస్తాం, తోలటం మాత్రం మావల్ల కాదన్నారు. చివరకు తోలటం అలవాటు లేని మనిషి పగ్గాలు పట్టాడు. దారిలో టాంగా అదుపు తప్పింది. అంబేద్కర్ రాళ్ల మీద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎక్కినవాడి చదువుగాని, ఇచ్చే అద్దెగాని అక్కడ లెక్కకు రాలేదు. ఎవరి ముందు ఎవరి పరువు నిలవాలో కులం ముందే నిర్ణయించి వుంచింది. వాహనం ఆ నిర్ణయాన్ని మోసిందంతే.

యీ సంఘటన నుంచే ఒక బలమైన ఆక్షేపణ పుడుతుంది. పెద్దల వీధిలో చెప్పులు తొడుక్కుని నడిచే హక్కు తాతకు లేకపోతే, మనవడు కారు కొనటం ఆడంబరమెలా అవుతుంది, అది ఆత్మగౌరవం కాదా అని. దీన్ని తేలిగ్గా కొట్టివేసే అభ్యుదయవాది తన కులం ఇచ్చిన సౌఖ్యంలో నిలబడి మాట్లాడుతున్నాడన్నమాట. నిషేధించిన వస్తువును చేపట్టటం తిరుగుబాటే. కాని ఆ తిరుగుబాటు ఎప్పుడు పూర్తవుతుంది? తనను తప్పించినవాడి చోట తాను కూర్చున్నప్పుడా, ఎవరూ ఎవరికీ బెదిరి తప్పుకోనవసరం లేనప్పుడా? చెప్పులు తొడుక్కునే హక్కు అందరికీ వస్తే దాని విలువ తరగదు, పెరుగుతుంది. పెద్దబండి ప్రతిష్ఠ అటువంటిది కాదు. అందరికీ ఆ బండి ఉంటే ఆ ప్రతిష్ఠ ఉండదు. ఒకరికి ఉండటమూ నూరుగురికి లేకపోవటమూ దాని నిర్మాణంలోనే ఉన్నది. ఆత్మగౌరవానికీ ప్రతిష్ఠకూ తేడా ఇదే: మొదటిది పంచితే మిగులుతుంది, రెండోది పంచితే నశిస్తుంది.

‘వాడి సొమ్ము, వాడిష్టం’ అన్నది రెండో ఆక్షేపణ. 2025–26లో మన రాష్ట్రంలో ఉపాధిహామీ కూలి రోజుకు 307 రూపాయలు. 40 లక్షల బండికి ఆ లెక్కన 13 వేల పైచిలుకు పనిదినాలు; ఏడాదికి 100 రోజులు పని దొరికితే 130 ఏళ్లు. అయినా అంకెలు పోల్చి కంటతడి పెట్టించటం విమర్శ అనిపించుకోదు. ‘వాడి సొమ్ము’ అన్న మాటనే పరీక్షించాలి. యీ బండ్లలో ఎన్నో అప్పు మీద కొన్నవే. కారు కొనేవాడింటికి బ్యాంకు నడిచి వస్తుంది. కౌలురైతు బ్యాంకు చుట్టూ తిరిగి తిరిగి, నూటికి నెలకు రెండు మూడు రూపాయల వడ్డీకి షావుకారు దగ్గర చేయి చాస్తాడు. యీ జిల్లా కథకుడు కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లో పేదవాడి అప్పు తండ్రి నుంచి కొడుకుకూ మనవడికీ బానిసత్వంగా సంక్రమించే దారి చూపాడు. పేదవాడి అప్పు పరువు తీస్తే, కలవాడి అప్పు పరువు తెస్తుంది.

ఇక పన్ను సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి యీ తరహా పెద్దకార్ల మీద జీఎస్టీ, సెస్సు కలిసి 50 శాతంగా ఉన్న పన్ను 40 శాతానికి దిగింది. సబ్బు మీదా, చిన్నకారు మీదా గూడా తగ్గిందన్నది నిజమే. కాని సబ్బు కొన్నవాడికి మిగిలింది రూపాయల్లో, పెద్దకారు కొన్నవాడికి మిగిలింది లక్షల్లో. అంతకు నెల పైచిలుకు ముందు, ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలయింది. కూలికి పోయే స్త్రీకి ఇందువల్ల మిగిలేది ఆ రోజు బస్సుచార్జీ. దాని మీద టీకొట్ల దగ్గరే గాక మన స్టాఫ్‌రూముల్లో గూడా ఏం విన్నాం? ఆడవాళ్లు పనిలేకుండా ఊళ్లు తిరుగుతున్నారనీ, ఖజానా ఖాళీ అవుతున్నదనీ. పెద్దకారు మీద పన్ను దిగినప్పుడు ఖజానాను తలచుకుని దిగులుపడినవాణ్ణి చూశామా? ఒకదాని పేరు ఉచితం, మరొకదాని పేరు సంస్కరణ. ప్రజలు వ్యక్తం చేసే ప్రతి అభిప్రాయమూ ప్రజల ప్రయోజనం నుంచే పుడుతుందనుకోవటం ఎంత అమాయకమో దీన్నిబట్టి తెలుస్తుంది.

రాజకీయాల్లో యీ వైరుధ్యం మరింత స్పష్టం. సైకిలు, ఫాను, గాజుగ్లాసు—పేదవాడి ఇంట్లో ఉండే వస్తువులే మన రాష్ట్రపు ప్రధాన పార్టీల గుర్తులు. ఆ గుర్తుల జెండాలు కట్టుకుని ఊళ్లోకి దిగేది మాత్రం పెద్దబండ్ల వరుస. గుర్తు ఓటరుకు, బండి నాయకుడికి. తెలంగాణలో 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి, వెనకటి ప్రభుత్వం 22 లాండ్ క్రూజర్లు కొని విజయవాడలో ఉంచిందని ప్రకటించాడు. ఎవరు కొన్నారు, ఎందుకు దాచారు అన్నదాని మీదే మాటలు సాగాయి. ప్రజలు ఎన్నుకున్న మనిషికి అంతటి బండి ఎందుకన్న ప్రశ్న ఆ సందడిలో మునిగిపోయింది.

ఇక్కడ మన సభల్లో పుచ్చలపల్లి సుందరయ్య సైకిలు ప్రస్తావన రావటం పరిపాటి. ఆయన పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లటం సత్యం, స్మరించదగిన సత్యం. అయితే సైకిలెక్కినవాడు మంచివాడు, కారెక్కినవాడు చెడ్డవాడు అని దాన్ని కుదిస్తే మనం గూడా ప్రకటన రాసేవాడి తర్కంలోనే పడతాం. ఫొటో కోసం ఒక్కరోజు సైకిలు తొక్కే నాయకులకు నేడు కొదవలేదు. సుందరయ్య సైకిలుకు విలువ తెచ్చింది సైకిలు కాదు. ఆస్తినీ జీవితాన్నీ ఉద్యమానికి ఇచ్చివేసి, ఎవరి చేతా దారి ఇప్పించుకోని ఆయన నడవడి.

ప్రజాభిప్రాయం మరచిపోయే మనిషి మరొకడున్నాడు. పెద్దబండి స్టీరింగు పట్టేది చాలాసార్లు యజమాని కాదు. హైదరాబాదుకో విశాఖపట్నానికో వలసపోయిన యీ జిల్లా కుర్రవాడే కావచ్చు. బండి ప్రతిష్ఠ వెనకసీటుది. తిట్టూ, ప్రమాదం జరిగితే మొదటి దెబ్బా ముందుసీటుది. ‘పెద్దబండివాళ్లు’ అని ఒక్కమాటలో తిట్టినప్పుడు యీ రెండు సీట్ల మధ్య ఉన్న వర్గ భేదాన్ని మనమే చెరిపివేస్తున్నాం.

కాబట్టి పెద్దబండి కొన్నవాణ్ణి నీచుడని తిట్టటం మన కర్తవ్యం కాదు. తిట్టు మొక్కుకు తోబుట్టువు. రెండూ యజమానినే నడిమధ్య నిలబెడతాయి. మనం చేయవలసింది ఇచ్చిన గౌరవాన్ని వెనక్కు తీసుకోవటం. ముఖ్య అతిథి బండి వచ్చేదాకా విద్యార్థులను ఎండలో నిలబెట్టే కళాశాల సభలు మనవే. వాటిని మార్చటానికి శాసనం అక్కర్లేదు. రహదారి దాటే చోట పాదచారులకు సురక్షితమైన దారి, ఎండకూ వానకూ నిలబడే బస్సు నీడ, వేళకు వచ్చే బస్సు—వీటి కోసం అడిగే గొంతు, పెద్దకార్లను చూసి కసురుకునే గొంతుకంటే గట్టిగా వినబడాలి. మన కథల్లో మనిషి గొప్పతనాన్ని అతడు దిగే బండితో పరిచయం చేసే అలవాటు మానాలి.

యీ జిల్లా మనుషులకు తప్పుకోవటమే తెలుసనుకోవటం చరిత్ర తెలియకపోవటం. 1940లో మందస ఎస్టేటు రైతులను పట్టుకుపోతున్నప్పుడు గున్నమ్మ పోలీసుల దారికి అడ్డం నిలిచి తూటాలకు ప్రాణమిచ్చింది. ఎనిమిదేళ్లకు ఎస్టేట్ల రద్దు చట్టమే వచ్చింది. ఎదురుగా ఉన్నది ఎంత ఎత్తున ఉన్నా, దాని ఎత్తు మన తలవంపుతో కలిపి కొలిచినదేనని ఆమె తరం గ్రహించింది. మన తరం ఆ లెక్కను తరగతి గదిలోనూ, సంఘంలోనూ, రోడ్డు మీదా మళ్లీ నేర్చుకోవలసి ఉన్నది.