ఉచితంలో అనుచితం



మీ ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోను ఉన్నదా? ఉన్నట్లయితే మీరు ప్రతి రోజూ ముక్కూ మొహం తెలియని వేలాది మంది కష్టాన్ని వాడుకుంటున్నారు. ఫోనుకు మీరు డబ్బు చెల్లించిన మాట నిజమే. కాని దాని లోపల గుండెకాయలా పనిచేసే లినక్స్ అనే ప్రోగ్రాము ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు అని చెప్పి లోకానికి ఇచ్చివేసినది అది. ఇంటర్నెట్టును నడిపే సర్వర్లలో అధిక భాగం దాని మీదే నడుస్తున్నాయి. ప్రపంచంలో అత్యంత శక్తివంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుండి ఉన్నవన్నీ లినక్స్ వాడుతున్నవే.

ఊరికే వచ్చినదానికి ఋణం ఉంటుందా? ఈ వారం ఈ ప్రశ్నను మీతో కలిసి ఆలోచించాలని నా ఉద్దేశం.

సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. కంప్యూటరు ప్రోగ్రామును మనిషి చదవగలిగే రూపంలో వ్రాస్తారు. దానినే సోర్స్ కోడ్ అంటారు. చాలా కంపెనీలు ప్రోగ్రామును అమ్ముతాయి గాని సోర్స్ కోడ్ చూపించవు. ఆవకాయ జాడీ అమ్మి, ఉప్పూ కారం ఆవపిండి పాళ్లు చెప్పకపోవడం వంటిది. అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధనశాలలో పనిచేసిన రిచర్డ్ స్టాల్‌మన్‌కు 1980 ప్రాంతంలో ఒక ప్రింటరు వల్ల ఈ చిక్కు ఎదురైంది. కాగితం ఇరుక్కుంటే కబురు చెప్పేలా పాత ప్రింటరును ఆయన మార్చుకున్నాడు. కొత్త ప్రింటరుకు సోర్స్ కోడ్ ఇవ్వలేదు. అది దగ్గరున్న మరొక పరిశోధకుణ్ణి అడిగితే, ఎవరికీ ఇవ్వనని ఒప్పందం మీద సంతకం చేశానని చెప్పి ఆయన పంపించివేశాడు. ఇరుగుపొరుగు వారికి సాయం చేయనని ముందుగానే మాట ఇవ్వడం స్టాల్‌మన్ మనస్సుకు గుచ్చుకున్నది. 1983లో ఆయన అందరికీ స్వేచ్ఛగా లభించే ఆపరేటింగ్ సిస్టం వ్రాస్తానని ప్రకటించాడు. 1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి దానికి కావలసిన ముఖ్య భాగాన్ని సమకూర్చాడు. అదే లినక్స్. (ఆ సంవత్సరమే మే నెలలో రెండవ జాన్ పౌలు జగద్గురువులు తమ విశ్వలేఖలో జ్ఞానమూ సాంకేతిక నైపుణ్యమూ భూమికి తీసిపోని ఆస్తి అయినాయని వ్రాశారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు గాని, కాలం ఇద్దరినీ ఒకే ప్రశ్న దగ్గరకు తెచ్చింది.)

సోర్స్ కోడ్ చూపించకుండా, మార్చుకునే స్వేచ్ఛ ఇవ్వకుండా అమ్మే ప్రోగ్రాములన్నీ అన్యాయమేనని స్టాల్‌మన్ వాదిస్తాడు. నేను అంత దూరం వెళ్లను. వడ్రంగి తాను చేసిన కుర్చీని అమ్ముకుంటాడు, అది పాపం కాదు. కొనవలసిన ప్రోగ్రామును కొనకుండా దొంగ కాపీ ఎక్కించుకోవడం మాత్రం దొంగతనమే. పదిమందీ చేస్తున్నారు గదా అంటే ఏడవ ఆజ్ఞ మారదు. కాని ఇప్పుడు ధర్మబద్ధంగానే ఉచితంగా లభించేవి ఉండగా, మనకు ఆ సాకు కూడా మిగలలేదు.

ఈ ఉచిత మార్గం వైపు లోకం నడుస్తూనే ఉన్నది. కేరళ పాఠశాలల్లో కంప్యూటరు చదువు ఎన్నో ఏళ్లుగా దీని మీదనే సాగుతున్నది. 2015లో మన కేంద్ర ప్రభుత్వం తన కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని విధానం ప్రకటించింది. జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం తన 30,000 ప్రభుత్వ కంప్యూటర్లను ఇటు మళ్లించాలని 2024 ఏప్రిల్‌లో నిర్ణయించింది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. దాని తరువాతిది ఎక్కని పాత కంప్యూటర్లను పారవేయడం ఇష్టం లేనివారు కూడా లినక్స్ వైపు చూస్తున్నారు. సంతోషమే. ఖర్చు తగ్గించుకోవడం తప్పు కాదు. నా ఆలోచన అంతా ఆ తరువాతి సంగతి గురించి.

ఇంగ్లీషులో 'ఫ్రీ' అనే మాటకు స్వేచ్ఛ అనీ, ఉచితం అనీ రెండు అర్థాలుండటం వల్ల వారికి తికమక. మనకు రెండు మాటలూ వేరువేరుగా ఉన్నవి. అయితే 'ఉచితం' అనే మాటనే కొంచెం నిదానించి చూడండి. దాని అసలు అర్థం 'తగినది'. ఉచితానుచితాలు తెలిసి మసలుకోవాలి అంటాం గదా! డబ్బు ఇవ్వనక్కరలేనిది అనే అర్థం మన వాడుకలో వచ్చి చేరింది. పాత అర్థాన్ని మరచిపోయి కొత్త అర్థాన్ని మాత్రమే పట్టుకుంటే ఏమవుతుందో 2024లో లోకానికి తెలిసివచ్చింది.

ఎక్స్‌జెడ్ అనే చిన్న పనిముట్టు ఒకటి ఉన్నది. పెద్ద ఫైళ్లను కుదించి చిన్న మూటలుగా కట్టడం దాని పని. లినక్స్ వాడే కంప్యూటర్లలో సామాన్యంగా ఉంటుంది. పెద్ద పెద్ద కంపెనీల సర్వర్లలోనూ ఉంటుంది. దీనిని ఫిన్లాండులో ఒకే ఒక మనిషి, జీతం లేకుండా, పదేళ్లకు పైగా చూసుకుంటూ వచ్చాడు. 2021 చివర 'జియా టాన్' అనే పేరుతో ఒకరు సాయం చేస్తామని వచ్చారు. తప్పులు దిద్ది పంపారు. 2022లో వేరే పేర్లతో కొందరు ఉత్తరాల మీద ఉత్తరాలు వ్రాయసాగారు. పని ఎందుకింత ఆలస్యం, చేయలేకపోతే వేరొకరికి అప్పగించరాదా అని. ఆ ఫిన్లాండు మనిషి అందరూ చదివే చోటనే జవాబిచ్చాడు. తనకు ఆసక్తి పోలేదనీ, చాలా కాలంగా మానసికంగా ఆరోగ్యం బాగుండటం లేదనీ, ఇది తాను జీతం లేకుండా చేస్తున్న పని అనీ చెప్పుకున్నాడు. కొన్నాళ్లకు బాధ్యతలో భాగం జియా టాన్‌కు ఇచ్చాడు.

2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెలువడిన రెండు కొత్త ప్రతుల్లో జియా టాన్ దొంగ ద్వారం అమర్చాడు. అది తెరిచే రహస్య తాళంచెవి ఉన్నవాడు దూరం నుండే ఇతరుల సర్వర్లలో దూరిపోగలడు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన కంప్యూటరులోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతున్నదేమిటా అని అనుమానించి తవ్వగా ఇది బయటపడింది. ఆయన దానిని ప్రకటించినది 2024 మార్చి 29న. అది ఆ ఏటి పవిత్ర శుక్రవారం. దేవుని దయవలన ఎక్కువమంది వాడే స్థిరమైన ప్రతుల్లోకి ఆ విషం ఇంకా ఎక్కలేదు. జియా టాన్ మళ్లీ కనబడలేదు.

నన్ను కలవరపెట్టినది ఆ మోసగాడి తెలివి కాదు. ఆ ఒత్తిడి ఉత్తరాలు కూడా పన్నాగంలో భాగమేనని దానిని పరిశీలించిన చాలామంది భావిస్తున్నారు. మరి అప్పుడు ఎవరికీ ఎందుకు అనుమానం రాలేదు? ఎందుకంటే అవి రోజూ వచ్చే ఉత్తరాల లాగానే ఉన్నవి. పైసా ఇవ్వకుండా వాడుకునే మనిషి గదమాయించి అడిగే తీరులోనే ఉన్నవి. దొంగ పోలీసు వేషం వేయలేదు, సాధువు వేషం వేయలేదు. కృతజ్ఞత లేని మామూలు మనిషి వేషం వేశాడు. ఆ వేషం గుంపులో ఇట్టే కలిసిపోయింది.

ఇది మొదటిసారి కూడా కాదు. ఇంటర్నెట్‌లో మన రహస్యాలకు తాళం వేసి పంపే ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనే ప్రోగ్రాములో 2014 ఏప్రిల్‌లో 'హార్ట్‌బ్లీడ్' అనే పెద్ద లోపం బయటపడినప్పుడు, దానిని చూసుకునేవారికి అంతకుముందు సంవత్సరానికి అందుతున్న విరాళాలు సుమారు 2,000 డాలర్లేనని లోకానికి తెలిసింది. కోట్లు గడించే కంపెనీలు అప్పుడు పరుగున వచ్చి ఒక నిధి ఏర్పాటు చేశాయి. న్యాయంగా చెప్పాలంటే, లినక్స్ మీద పనిచేసేవారిలో ఎక్కువమందికి నేడు కంపెనీలే జీతాలిస్తున్నాయి. ఆకలి అంతా ఇటువంటి చిన్న చిన్న భాగాల దగ్గర, ఒంటరిగా కూర్చున్న మనుషుల దగ్గర ఉన్నది.

చెరువు కింద సేద్యం చేసిన కుటుంబాలకు ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది. తెలంగాణ పల్లెల్లో చెరువు నీటిని ఎవరూ కొనేవారు కాదు. కాని తూము తెరిచి మూసి, ఏ మడికి ఎంత నీరు పారాలో చూసే నీరటి ఉండేవాడు. కోతలయ్యాక కళ్లంలోనే అతని వాటా గింజలు కొలిచి ఇచ్చేవారు. నీటికి ధర లేదు, నీరటికి ఆకలి ఉన్నది. ఈ రెండు మాటలూ ఆ రైతులకు కలిపే తెలుసు. మనం మొదటిది మాత్రమే నేర్చుకున్నాం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. తేలికైనది కాదు. "ఇచ్చినవాడే ఊరికే తీసుకోమన్నాడు, ఏ షరతూ పెట్టలేదు, లాభనష్టాలకు బాధ్యత నాది కాదని కూడా వ్రాసిపెట్టాడు. ఇంకా నేను బాకీ ఎలా అవుతాను? బాకీ అయితే అది కానుక ఎలా అవుతుంది?" పునీత తోమస్ అక్వినాస్ 13వ శతాబ్దంలోనే దీనికి ఒక గీత గీసి చూపించారు. న్యాయస్థానం వసూలు చేయగల బాకీ వేరు, మంచి మనస్సు తనంతట తాను గుర్తించే బాకీ వేరు. కృతజ్ఞత రెండవదానికి చెందినది. దానిని బలవంతంగా వసూలు చేస్తే అది కృతజ్ఞతే కాదు. కనుక కానుక కానుకగానే ఉంటుంది, ఋణమూ ఉంటుంది.

ఆయన కృతజ్ఞతలో మెట్లు కూడా చెప్పారు. పొందిన మేలును గుర్తించడం మొదటిది. నోరారా మెచ్చుకోవడం రెండవది. సమయం వచ్చినప్పుడు శక్తికొలది తిరిగి చేయడం మూడవది. మేలును అసలు గుర్తించకపోవడమే అన్నిటికంటె పెద్ద కృతఘ్నత అన్నారు. మనలో చాలామంది మూడవ మెట్టు ఎక్కలేదని నేను బాధపడటం లేదు. కూలి చేసుకునే తండ్రి ఏ విదేశీ సంఘానికి డాలర్లు పంపగలడు? మొదటి మెట్టు ఒకటి ఉన్నదనే మనకు తెలియదు. ఫోను తెరుస్తాం, మూస్తాం. లోపల మనిషి ఉన్నాడని తోచదు.

శక్తికొలది అన్న మాట మాత్రం కొన్ని ఇళ్లకు గట్టిగానే వర్తిస్తుంది. హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే పిల్లలున్న కుటుంబాలు మన విచారణల్లో తక్కువేమీ కాదు. ఆ జీతాల వెనుక ఈ ఉచిత పనిముట్లు ఎన్ని ఉన్నవో ఆ పిల్లలకు బాగా తెలుసు. సూరన్న, మల్లన్న, రామభద్ర వంటి తెలుగు అక్షర రూపాలు ఎవరైనా వాడుకోవడానికి వీలుగా విడుదలైనవే. 'స్వేచ్ఛ' అనే సంస్థవారు తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టం తయారు చేశారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా జీతం లేనివారి వ్రాతతోనే పెరిగింది. తప్పు కనబడితే మర్యాదగా తెలియజేయడం, ఒక పుట తెలుగు చేయడం, నెలకు ఒక సినిమా టికెట్టు డబ్బు పంపడం, ఇవన్నీ ఆ పిల్లలకు చేతనయిన పనులే. ఈసారి ఫోను చేసినప్పుడు అడిగి చూడండి, నువ్వు వాడేది ఎవరు చూసుకుంటున్నారు నాయనా అని.

ఆ ఫిన్లాండు మనిషి సంగతి చెప్పి ముగిస్తాను. దొంగ ద్వారం బయటపడిన వెంటనే ఆయన తిరిగి వచ్చాడు. జియా టాన్ చేసిన మార్పులను పరిశీలించి, చెడును తీసివేసి, 2024 మే నెలాఖరున శుభ్రమైన కొత్త ప్రతిని విడుదల చేశాడు. దానిని కూడా ఉచితంగానే ఇచ్చాడు.