వాత్సల్యమును గూర్చి యొక విచారము

వత్స మనగా దూడ. దూడయందు ఆవునకు గల ప్రీతియే వాత్సల్యము. సర్వేశ్వరుని కల్యాణగుణములలో దీనిని మన పూర్వాచార్యులు ప్రత్యేకముగ నెన్నిరి. అప్పుడే పుట్టిన దూడకు మేనినిండ మావియు మురికియు నంటియుండును. ఆవు దానిని రోయదు, నాలుకతో నాకును. ఆశ్రితుల దోషములయెడ భగవంతుడును అట్లే యుండునని పెద్దల దృష్టాంతము. అయితే ఆ ‘అట్లే’ యను మాటకు అర్థమేమి? వేదాంతదేశికుల (1268–1369) సంప్రదాయమువారు దోషమును చూడకుండుటయే వాత్సల్య మందురు. పిళ్ళైలోకాచార్యుల సంప్రదాయమువారు అంతటితో తృప్తిపడక, ఆ దోషమునే స్వామి భోగ్యముగ గ్రహించు నందురు. ఉభయ సంప్రదాయములవారును ఈ పత్రిక చదువువారే గనుక ఇందు తీర్పు చెప్పు సాహసము నాకు లేదు. పాఠశాలలో ముప్పదియేండ్లు రెండు పక్షములను విద్యార్థులచే వల్లె వేయించితిని. అంతకాలమును అది నాకు పుస్తకములోని మాటగనే యుండెను. చదువరులు నవ్వవచ్చును గాని, ఈ విచారము విశాఖపట్టణమున పూర్ణా మార్కెట్టులో, క్యాబేజీ ఆకుల కుప్ప కడ, నాకు మరల మొదలైనది.

అంతకుముందు జరిగినది కొంత చెప్పవలెను.

మా యింట పదుమూడేండ్లు సరమ యను కుక్క యుండెను. నన్నయభట్టారకుని ఆదిపర్వము చదివినవారికి ఆ పేరు క్రొత్త కాదు. తన బిడ్డను నిష్కారణముగ కొట్టిరని జనమేజయమహారాజు నెదుటనే నిలదీసిన దేవశుని ఆ సరమ. మా సరమ ఎవ్వరిని నిలదీయలేదు. పొంకమైన రూపము, గోధుమవన్నె మేను. వంటయింటి గడప గాని పెరుమాళ్ళ గది గడప గాని ఒక్కనాడును దాటలేదు. ఆరాధన జరుగునంతసేపు వసారాలో ముందుకాళ్ళపై మోము నుంచి పండుకొని, తీర్థము పుచ్చుకొను వేళకు లేచెడిది.

రెండేండ్ల క్రిందట ఆషాఢమాసమున దానికి మూత్రపిండములు చెడినవి. శుద్ధచతుర్దశినాడు సింహాద్రినాథుని గిరిప్రదక్షిణము. 32 కిలోమీటర్ల నడక. పదునెనిమిదేండ్లుగ నేను తప్పని నియమము. సరమ అప్పటికి రెండు దినములుగ నీరు ముట్టలేదు. “ఈ యేడు మానేయకూడదాండీ” అని మా గృహిణి యడిగినది. నేను ఆమెకు జడభరతుని కథ చెప్పితిని. లేడిపిల్లపై మమకారము పెంచుకొని మహాజ్ఞాని లేడియై పుట్టెనని చెప్పి, చెప్పులు విడిచి, నడకకు బయలుదేరితిని. మఱునాడు ప్రొద్దున తిరిగి వచ్చునప్పటికి సరమ వీథిగుమ్మము కడ చల్లబడియుండెను. రాత్రి రెండు గంటలకు పోయినదట. ఎట్లు పోయినదో ఆమె చెప్పలేదు, నేను అడుగలేదు.

ఆ పిమ్మట భాగవతమున పంచమస్కంధమును మరల తీసితిని. తెలుగున ఈ స్కంధమును రచించినవాడు గంగన. ఏటిలో కొట్టుకొనిపోవు లేడికూనను ఒడ్డునకు తెచ్చినందుకు భరతుని ఆ గ్రంథము నిందింపలేదు. దాని లాలనలో పడి యమనియమములును భగవత్పరిచర్యయును ఒక్కొక్కటిగ జారవిడిచినందుకు నిందించినది. సరమ నా యారాధనను ఏనాడు చెఱచినది గనుక? నేను భరతుని అడ్డుపెట్టుకొని తప్పించుకొన్నది మమకారమును గాదు, కంట చూడలేని యొక చావును. ఇక మా యింట కుక్క వలదని నాడే నిశ్చయించుకొంటిని. అందును వైరాగ్యము కొంచెమే; సిగ్గు పాలెక్కువ.

ఆ మార్గశిరమున ఒక గురువారము బురుజుపేట కనకమహాలక్ష్మి దర్శనము చేసికొని, ధనుర్మాసపు పొంగలికి పెసరపప్పు, మిరియములు, కొంత కందయు కొనుటకై పూర్ణా మార్కెట్టుకు పోయితిని. ఆ వేళ అక్కడ త్రోవ దొరకుట కష్టము. మూటలు మోయు కలాసీల కేకలు, తోపుడు బండ్లు, అరటిగెలలు దింపు లారీలు. కంద అమ్ము ముసలమ్మ గోనెపట్టా ప్రక్కన, వాడిన ఆకుల కుప్పలో, పిడికెడు కుక్కపిల్ల కదలుచుండెను. ఒక చెవి చినిగియున్నది. క్రింది దవడ వంకర. ఎడమ ముందుకాలు గుడ్డపేలికవలె వ్రేలాడుచున్నది.

“తీసుకెళిపోండి బాబూ. దీని తల్లిని లారీ తొక్కేసింది. దీనికీ కాలు పోయింది” అని ఆమె యన్నది.

“వద్దమ్మా, ఒకదానిని పోగొట్టుకొన్నాను. పెంచినా ఈ అవిటిదానిని పెంచే ఓపిక నాకు లేదు” అంటిని.

ఆమె నా చేతిలోని కుంకుమ పొట్లము వైపు చూచినది. “అమ్మోరికి దణ్ణం ఎట్టుకునే కదా వచ్చారు. ఆ తల్లికి మాత్రం ఎడం సెయ్యి ఉందేటి బాబూ?”

నేను మాటాడలేకపోతిని. విశాఖవాసు లందఱు ఎఱిగిన విషయమే. 1912లో బావిలో లభించిన ఆ మూర్తికి వామహస్తము లేదు. గర్భాలయమునకు పైకప్పును లేదు. జాతిభేదము లేక ఎవరి పూజ వారే తమ చేతులతో చేసికొందురు. మార్గశిర గురువారములలో అక్కడ ఇసుక వేసిన రాలదు. అంగభంగమైన బింబము పూజకు తగదని ఆగమమర్యాద. ఆ మాట నేనే ఎందఱికో చెప్పియుంటిని. కాని తూర్పుతీరమున ఇటు కనకమహాలక్ష్మి చేయి లేకయే నిలిచినది, అటు పూరీలో జగన్నాథుడు అసమాప్తములైన చేతులతోనే లోకము నేలుచున్నాడు. ఇంద్రద్యుమ్నుడు గడువునకు ముందే తలుపు తెఱచినందువలన ఆ దారుమూర్తి పూర్తికాలేదని కథ. పూర్తి చేయించుకొనుటకు స్వామికి శిల్పులు కఱవా? అడిగినది వేదాంతి గాదు, కంద అమ్ముకొను అవ్వ. అయినను నాకు ప్రత్యుత్తరము తోచలేదు. సంచిలో కందగడ్డపై ఆ కూనను గూర్చుండబెట్టుకొని యింటికి వచ్చితిని. అవ్వ దానిని ‘బుడ్డోడు’ అని పిలిచెడిదట. ఆ పేరే నిలిచిపోయినది.

మా గృహిణి చూచి, “ఒకసారి ఏడ్చింది చాలలేదా మీకు?” అని లోపలికి పోయినది. కొంతసేపటికి కొబ్బరిచిప్పలో నీళ్ళపాలు కలిపిన అన్నము తెచ్చిపెట్టినది.

ఇరుగుపొరుగువారు, వైష్ణవగృహములో మరల కుక్క యేమిటనిరి. శునకము అశుచి యని చెప్పిన శాస్త్రమే వైశ్వదేవానంతరము దానికి బలియన్నము పెట్టు మన్నది. పండితుడు సమముగ చూడవలసిన ప్రాణులలో గీత యైదవ యధ్యాయము కుక్కను గూడ చేర్చినది. ఆ శ్లోకమునకు అర్థము చెప్పి జీతము తీసికొన్నవాడను నేను. కఱచునను భయము మాత్రము త్రోసివేయదగినది గాదు. వీథికుక్కల వివాదము 2025లో సుప్రీంకోర్టు వఱకు పోయినది గదా. కనుక సమయమునకు వెఱ్ఱికుక్క వ్యాధి టీకా వేయించితిని. టీకా వేయింపని జాలి, జాలి గాదు.

పశువైద్యుడు చూచి, భుజము కడ నరములు దెబ్బతిన్నవి, కొన్నియైన మిగిలియున్నచో నెలలమీద బాగుపడవచ్చును, లేనిచో ఇంతే యనెను. బుడ్డోని గుణములా, కాలికంటె వంకర. ఘంట మ్రోగిన మొఱుగును. శంఖ మూదిన మోర యెత్తి ఊళ వేయును. వసారాను తడుపును. నా కండ్లద్దముల పెట్టె నమలివేసినది. నెలదినములు దానిని సరమతో పోల్చుచునే యుంటిని. ప్రతి పోలికలోను అదియే ఓడిపోయెడిది. ఒకనాడు శంఖమునకు అది ఊళ వేసినప్పుడు కోపము వచ్చి పెరటిలోనికి త్రోసి తలుపు మూసితిని. మూసిన తలుపు వెనుక చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దము నాకు తెలిసినదే. వీథిగుమ్మము కడ విన్నదే. ఆనాడు తిరువారాధనము ముగించునంతలో రెండుమార్లు మంత్రము తప్పితిని.

మహాప్రస్థానికపర్వమున ఇంద్రుడు ధర్మరాజును ఒక చిక్కు ప్రశ్న యడుగును. తమ్ములను, ద్రౌపదిని దారిలో విడిచివచ్చితివి, ఈ కుక్కను విడువలేవా యని. చనిపోయినవారిని బ్రదికింప నా వశము గాదు, బ్రదికియుండగా నేను వారిని విడువలేదు, ఇది బ్రదికి నన్నాశ్రయించియున్నది యని ధర్మజుని సమాధానము. ఈ ఘట్టమును త్యాగమునకు ఉదాహరణముగ చెప్పుచుందుము. నాకు మాత్రము దుఃఖమునకు హద్దు గీసినట్లు కనబడినది. సరమకు నేను చేయవలసినది చేయలేదు, ఇక చేయజాలను. ఆ బాకీని కారణముగ చూపి తలుపు వెనుకనున్న దానికి పెట్టవలసిన పిడికెడన్న మెగవేయుట రెండవ తప్పు. కాని ధర్మజుని మాట నాకు సగమే యూరట. ఆయన బ్రదికియుండగా విడువలేదు, నేను విడిచితిని.

నెలలు గడచినవి. కాలు బాగుపడలేదు. నడచునప్పుడు మూడుకాళ్ళ చప్పుడును, నాల్గవది నేలపై ఈడ్చిన జర్రుమను చప్పుడును వినబడును. మొదట ఆ చప్పుడు విన్నప్పుడెల్ల జాలిపడి మోము త్రిప్పుకొనెడివాడను. దోషమును చూడకుండుట యనగా అంతియే యనుకొంటిని. క్రమముగ రాత్రివేళ ఆ జర్రుమను చప్పుడు వసారాలో ఒకపరి తిరిగిన గాని నాకు నిద్రపట్టదయ్యెను. వంకర దవడనుండి నాలుక ప్రక్కకు జారి యుండుట చూచిన నవ్వు వచ్చును. నాలుగు కాళ్ళతో చక్కగ నడచి వచ్చిన దానిని బుడ్డోడని నేను గుర్తింపనేమో. దోషము భోగ్యమగుట యిదియే గాబోలునని తోచినది.

అయితే అంతటితో తీరలేదు. ఈడ్చుటవలన పాదము పైభాగము ఒరసి పుండగును. దినమునకు రెండుమార్లు కడిగి, మందు వేసి, పాతగుడ్డతో కట్టవలెను. చూడనని కూర్చున్న పుండు కుళ్ళును. ముద్దుగ నున్నదని విడిచిన నది కుళ్ళకమానదు. అప్పుడు పెద్దల దృష్టాంతమున ఆవు మరల జ్ఞప్తికి వచ్చినది. ఆవు దూడను నాకునప్పుడు ఆ మలినము దానికి రుచియే. నాకుటచేత ఆ మలినము పోవును. రుచిచూచుట వేఱు, శుభ్రపఱచుట వేఱు గాదు, ఒకే నాలుక కదలిక. ఇది చూడకుండుటయా, భోగించుటయా యని ఉభయ సంప్రదాయముల పెద్దలు నన్ను నిలదీసిన నాకు జవాబు లేదు. కాలికి కట్టు కట్టుటకు కూర్చున్నప్పుడు రెండు మతములును నా చేతిలో కలిసియుండుట మాత్రము ఎఱుగుదును.

మొన్నటి ఆషాఢమున గిరిప్రదక్షిణము నాటికి బుడ్డోని పాదము వాచి జ్వరము వచ్చెను. మా గృహిణి ఈసారి ఏమియు ననలేదు. నేను మధ్యాహ్నము సింహాచలము కొండక్రింద తొలిపావంచా వఱకు పోయి, కొబ్బరికాయ కొట్టి, నడకకు బయలుదేరు జనసముద్రమునకు ఎదురుగ తిరిగి యింటికి వచ్చితిని. నియమభంగమే. ఎవరికిని ఇట్లు చేయుడని చెప్పను.

చైతన్యచరితామృతమున శివానందసేనుని కుక్క కథ యున్నది. బెంగాలునుండి పూరీకి పోవు భక్తబృందముతో ఒక కుక్కయు బయలుదేరినది. నావికుడు ఎక్కింపనన్న శివానందుడు అధికముగ పైక మిచ్చి దానిని ఏఱు దాటించెను. ఒకరాత్రి సేవకుడు దానికి అన్నము పెట్టుట మఱచెను, కుక్క కనబడలేదు. శివానందుడు మనుష్యులచే వెదకించి, దొరకక, తానును పస్తుండెను. పూరీ చేరి చూడగా అది మహాప్రభువు సన్నిధిలో, ఆయన విసరిన కొబ్బరిముక్కలు తినుచు, కృష్ణనామ ముచ్చరించుచుండెనట.

ఆ రాత్రి వసారాలో దీప ముంచుకొని, పాదము కడిగి, కట్టు కట్టి, అప్పన్న ప్రసాదమైన కొబ్బరిలో చిన్నముక్క బుడ్డోని నోటి కందించితిని. అది వంకర దవడతో నమలలేక రెండుమార్లు క్రింద జారవిడిచి, మూడవమారు మ్రింగినది. కృష్ణనామము పలుకలేదు. ఇంకొక ముక్క కొఱకు నా చేతిని నాకనారంభించినది. లోపలినుండి మా గృహిణి, “సరమకు కూడా ఒక ముక్క తీసి ఉంచండి, పొద్దున పెరట్లో పెట్టి వస్తాను” అన్నది.