పెత్తనమా, పూచీనా?

బీరువా తాళాలు ఎవరి నడుముకి వేళ్ళాడితే ఇంట్లో పెత్తనం వాళ్ళదేనని మనవాళ్ళ నమ్మకం. సొంత డబ్బయితే సరే. పదిమంది డబ్బూ ఒకచోట చేరినప్పుడు ఆ తాళాలు పట్టుకున్న మనిషి ఎలా మెలగాలి?

పరపతి సంఘంలో వచ్చే చిక్కే ఇది. అక్కడ వాటా ఎంత ఉన్నా మనిషికి ఒక్కటే ఓటు. అంటే కౌంటరుకి ఇవతల నిలబడ్డ మనమే యజమానులం. వినడానికి బాగానే ఉంది. గుమాస్తాగారు తలెత్తకుండానే "రేపు రండమ్మా" అంటే మాత్రం ఆ యజమానురాలు నోరుమూసుకుని ఇంటికొచ్చేస్తుంది!

కెనడాలో క్యుబెక్ రాష్ట్రంలో లెవీ అనే ఊరుంది. అల్ఫాన్స్ డెజార్డెన్ అనే ఆయన 1900 డిసెంబరులో అక్కడొక పొదుపు సంఘం పెట్టారు. 1901 జనవరిలో మొదటిరోజు వసూలైంది 26 డాలర్ల 40 సెంట్లు. ఆయన ఉద్యోగమేమో ఒట్టావాలో, పార్లమెంటు ప్రసంగాలు రాసుకోవడం. సభలు జరిగినన్నాళ్ళూ ఊళ్ళో ఉండరు. మరి సంఘం నడిపిందెవరు? ఆయన భార్య డోరిమెన్. పదిమంది పిల్లల్ని కన్న తల్లి. ఇంట్లోనే డిపాజిట్లు పుచ్చుకుంటూ, లెక్కలు రాస్తూ నెట్టుకొచ్చింది. అప్పటికి చట్టంలో ఇలాంటి సంఘాలకి చోటే లేదు. నష్టమొస్తే తమ సంసారం మీదికే వస్తుందేమోనని ఆవిడకి బెంగ. 1906లో క్యుబెక్‌లో చట్టం వచ్చాకగాని ఆ బెంగ తీరలేదు.

నన్నడిగితే ఆ బెంగే నాయకత్వానికి మొదటి లక్షణం. ఇది పరాయి సొమ్మన్న భయం ఉన్నవాళ్ళు ఆడపడుచు అడిగినా అర్హత చూడందే అప్పివ్వరు. కాదనాల్సొస్తే కారణం చెప్పి కాదంటారు. అధ్యక్షురాలు గుమాస్తాతో మాట్లాడే తీరే, గుమాస్తా నోట సభ్యురాలి దాకా వస్తుంది.

1995లో మన ఆంధ్రప్రదేశ్‌లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. సర్కారు జోక్యం తగ్గించి సంఘాన్ని సభ్యుల చేతుల్లో పెట్టడం దాని ఉద్దేశం. బాగుంది. కాని సర్కారు పెత్తనం పోయినచోట అధ్యక్షురాలి పెత్తనం వచ్చి కూర్చుంటే? దానికి చట్టం ఒక్కటే చాలదు, మనం లెక్క అడగాలి. అడగడానికి మనకి మొహమాటం. అడిగితే, "నామీద నమ్మకం లేదా వదినా?" అని ఆవిడకి కోపం.

నమ్మకం ఉన్నచోట లెక్క అడగకూడదని ఎవరన్నారు? అడిగినా ఆవిడ మొహం మాడదన్న ధైర్యం మనకుంటే, అదే నమ్మకం. అడక్కముందే పుస్తకం తెరిచి మన ముందు పెట్టే మనిషి దొరికితే మాత్రం, మరోసారి ఆవిడకే ఓటెయ్యండి.